ఎడారి ధూళి, చెరకు మసి: రెండు సముద్రాల ద్వీపాల గాలి

ఈసారి మేము ఓడల గురించి కాక, ఓడలను నడిపిన గాలి గురించి రాయదలచాం. ఆ గాలిలో ఏమేమి ఎగిరి వచ్చేవో, ఇప్పటికీ ఏమేమి వస్తున్నాయో చెప్పడమే మా ఉద్దేశం. దీనికి కారణం మా తరగతిలో ఒక పిల్లవాడు వేసిన ప్రశ్న.

2020 జూన్ నెలలో ఆఫ్రికా సహారా ఎడారి నుండి లేచిన ధూళి అట్లాంటిక్ మహాసముద్రం దాటి కరీబియన్ ద్వీపాలను కప్పివేసింది. కొన్ని దశాబ్దాలలో అంత దట్టమైన ధూళి రాలేదని అక్కడి శాస్త్రజ్ఞులు అన్నారు. అప్పుడు మన బడులు మూసి ఉన్నాయి. తెరిచిన తరువాత ఆ పిల్లవాడు, టెలివిజన్‌లో చూసిన మాటను మనసులో పెట్టుకొని, "సర్, ఆ ఇసుక వాళ్ళ దగ్గరికి సముద్రం దాటి వెళ్ళింది గదా, మన దగ్గరికి ఎందుకు రాదు?" అని అడిగాడు. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం. తెలుసుకొని చెబుతాం అన్నాం. ఉపాధ్యాయుడు ఆ మాట అన్నాక నిలబెట్టుకోవాలి గదా.

వెతకగా మొదట దొరికినవాడు మన పిల్లలందరికీ పరిచయమైన చార్లెస్ డార్విన్. ఆయన ఎక్కిన బీగిల్ ఓడ 1836 ఏప్రిల్ 29న పోర్ట్ లూయీ రేవుకు వచ్చి మే 9న వెళ్ళిపోయింది. ఆ పదిరోజులలో ఆయన లె పూస్ కొండ ఎక్కాడు, ద్వీపంలో ఉన్న ఒకే ఒక ఏనుగు మీద సవారీ చేశాడు, రోడ్డు పనిచేస్తున్న భారతీయ ఖైదీలను చూసి వారి రూపాన్నీ నడవడినీ మెచ్చుకొంటూ రాసుకొన్నాడు. అట్లాస్ ఓడలో 36 మంది కూలీలు మన రేవులో దిగి అప్పటికి ఏడాదిన్నర మాత్రమే అయింది.

అదే డార్విన్ 1832 జనవరిలో ప్రయాణం మొదటి మజిలీగా ఆఫ్రికా పశ్చిమ తీరానికి ఎదురుగా ఉన్న కేప్ వెర్డ్ దీవులలో ఆగాడు. అక్కడ ఆకాశం మసకగా ఉంది. కనిపించనంత మెత్తని గోధుమరంగు ధూళి ఓడ మీద పడుతోంది. నక్షత్రాలను చూసే పరికరాలకు సైతం దానివల్ల కొద్దిగా హాని కలిగిందట. ఆయన దానిని పొట్లాలు కట్టి బెర్లిన్‌లోని ఎరెన్‌బెర్గ్ అనే పండితునికి పంపించాడు. అయిదు చిన్న పొట్లాలలో 67 రకాల సూక్ష్మజీవుల అవశేషాలు ఉన్నాయని ఆ పండితుడు లెక్క తేల్చాడు. అట్లాంటిక్‌లో ఓడల మీద పడే ధూళిని గురించి డార్విన్ 1846లో ఒక వ్యాసం ప్రచురించాడు. ఓడ మీది దుమ్మును తుడిచి పారవేయకుండా పొట్లం కట్టిన ఆ బుద్ధి మాకు చాలా నచ్చింది. మా తరగతిలో ఏం జరిగిందో చివర చెబుతాం; దానికి మూలం ఇదే.

డార్విన్ చూసినది జనవరిలో. ఇక్కడ ఋతువుల మాట చెప్పుకోవాలి. సహారా ధూళి ఏడాది పొడుగునా లేస్తుంది గాని, ఎప్పుడూ ఒకే దారిన పోదు. భూగోళం చుట్టూ ఉత్తరపు గాలులు, దక్షిణపు గాలులు ఎదురై కలుసుకొనే చోట మేఘాల పట్టీ ఒకటి ఉంటుంది. పొలం గట్టు లాంటిదని అనుకోండి. ఈ గట్టు సూర్యుని వెంట ఉత్తరానికీ దక్షిణానికీ జరుగుతూ ఉంటుంది. ఉత్తర దేశాలకు చలికాలమైన జనవరి నుండి ఏప్రిల్ వరకు గట్టు దక్షిణానికి జరుగుతుంది. అప్పుడు హర్మటాన్ అనే ఎండు గాలి చాద్ దేశంలోని బొడెలె పల్లం వంటి చోట్లనుండి ధూళిని తక్కువ ఎత్తులోనే తోసుకుపోయి దక్షిణ అమెరికా తీరాన, గయానాల మీద దించుతుంది. ఆ బొడెలె పల్లం ఒకప్పుడు మహా సరస్సు అడుగుభాగం. నీరు ఎండి, అందులోని సూక్ష్మజీవుల పెంకులు పొడి అయి, గాలికి లేస్తున్నాయి. ఎరెన్‌బెర్గ్ పొట్లాలలో చూసిన పెంకులు ఎటువంటి చోట్లనుండి వచ్చేవో దీనిని బట్టి ఊహించవచ్చు.

జూన్ నుండి ఆగస్టు వరకు గట్టు ఉత్తరానికి జరుగుతుంది. ఎడారి నేల కాగి, ధూళి మూడు నుండి అయిదు కిలోమీటర్ల ఎత్తుకు లేచి, తడిగాలి మీద పొడిగాలి పొరగా తేలుతూ, అయిదు నుండి ఏడు రోజులలో సముద్రం దాటుతుంది. బార్బడోస్, మార్టినీక్, గ్వాడెలూప్ ద్వీపాల మీద దిగుతుంది. గ్వాడెలూప్ ప్రజలు దీనిని ఫ్రెంచిలో "బ్రూమ్ ద సాబ్ల్" అంటారు. ఇసుక మంచు అని తెలుగు చేసుకోవచ్చు.

బార్బడోస్ ద్వీపపు తూర్పు కొసన జోసెఫ్ ప్రాస్పెరో అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 1965లో ధూళిని పట్టడం మొదలుపెట్టాడు. ఆయన పద్ధతిలో ఆడంబరం ఏమీ లేదు. సముద్రం మీదినుండి వచ్చే గాలిని వడగట్టి, పట్టుబడిన ధూళిని తూకం వేయడమే. ఒకే చోట అలా దశాబ్దాల తరబడి చేయడం వల్ల గొప్ప సంగతి బయటపడింది. 1960ల చివర ఆఫ్రికాలో సహేల్ కరవు మొదలైన తరువాత బార్బడోస్ మీద పడే ధూళి కొన్ని రెట్లు పెరిగింది. 1983, 1984 సంవత్సరాలలో కరవు ఘోరమైనప్పుడు ధూళి కూడా శిఖరానికి చేరింది. అక్కడ పశువులు చచ్చి, పంటలు పోయి, జనం వలసపోతున్న సంగతి ఇక్కడ వేల మైళ్ళ దూరాన వడపోత కాగితం మీద ఎర్రగా కనబడిందన్నమాట. ధూళి వల్ల మేలు కూడా లేకపోలేదు. పగడపు సున్నపురాయి ద్వీపమైన బార్బడోస్ మీద ఉన్న ఎర్రమన్నులో కొంత భాగం ఆఫ్రికా ధూళియేనని భూవిజ్ఞానులు తేల్చారు. ఆ మన్నులోనే చెరకు పండింది.

ఇదంతా మనకెందుకు అని ఎవరైనా అడుగవచ్చు. 1845 నుండి మద్రాసు ఓడలు బ్రిటిష్ గయానాకు కూలీలను తీసుకుపోయాయి. 1853 నుండి మార్టినీక్‌కు, 1854 నుండి గ్వాడెలూప్‌కు ఫ్రెంచివారు పుదుచ్చేరి, కారైకాల్ రేవుల నుండి తీసుకుపోయారు. గ్వాడెలూప్‌కు 1889 వరకు వెళ్ళినవారు సుమారు 42,000 మంది. వారిలో తమిళులు ఎక్కువ, మన తెలుగువారు కొందరు. మన ముత్తాతలను కోరంగి రేవు పేరిట ఈ ద్వీపంలో "కోరంగీలు" అని పిలిచారు. ఒకే కరవు నుండి, ఒకే తీరం నుండి బయలుదేరిన ఇద్దరు అన్నదమ్ములలో ఒకడు ఇక్కడికి, ఒకడు అక్కడికి పోయి ఉండవచ్చు. అక్కడికి పోయినవాడి సంతతి భాష పోగొట్టుకొంది. భారతీయ సంతతివారికి ఫ్రెంచి పౌరహక్కులు రావడానికి హెన్రీ సిదంబరం అనే ఆయన 1904 నుండి 1923 వరకు వ్యాజ్యం నడపవలసి వచ్చింది. పౌరహక్కు వచ్చింది గాని, ఏటా జూన్‌లో ఎడారి ధూళి కూడా తప్పకుండా వస్తూనే ఉంది. అది వచ్చిన రోజులలో ఉబ్బసంతో ఆసుపత్రికి వచ్చే పిల్లల సంఖ్య పెరుగుతున్నదని గ్వాడెలూప్ వైద్యులు లెక్క చూశారు.

కొలత గురించి ఒక్క మాట. మనిషి వెంట్రుక మందంలో ఆరో ఏడో వంతు, అంటే 10 మైక్రాన్లకు లోబడిన కణాలు ముక్కు దాటి లోపలికి పోతాయి. 2.5 మైక్రాన్లకు లోబడినవి ఊపిరితిత్తుల అడుగుకు చేరతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన ప్రకారం మొదటి రకం రోజుకు సగటున ఘనమీటరు గాలిలో 45 మైక్రోగ్రాములు, రెండవ రకం 15 మైక్రోగ్రాములు దాటరాదు. 2020 జూన్ ధూళిలో గ్వాడెలూప్ అంకెలు వందలలోకి పోయాయి.

ఇక పిల్లవాడి ప్రశ్నకు వద్దాం. మనకు ఎందుకు రాదు?

మన పంచాంగం మన పూర్వీకుల మూటలో వచ్చింది గాని, ఋతువులు రాలేదు. రోహిణి కార్తెకు ఆంధ్రదేశంలో రోళ్ళు పగులుతాయని మా నాయనమ్మ చెప్పేది. ఇక్కడ అప్పుడు మనం ఉన్ని చొక్కాలు తీస్తాం. ఉగాదికి మామిడిపూత కోసం చెట్టు చుట్టూ తిరగవలసిన వాళ్ళం మనం. అక్కడ ఆషాఢం గాలివాన నెల, ఇక్కడ చెరకు కోతకు తొలి నెల. ఆ నెలలలో మన మీదుగా ఆగ్నేయం నుండి వ్యాపార పవనాలు బలంగా వీస్తాయి. అవి దక్షిణ హిందూ మహాసముద్రం మీద వేల కిలోమీటర్లు నీరు తప్ప వేరేమీ చూడకుండా వస్తాయి. అందులో ఉండేది ఉప్పు కణాలే. అవే గాలులు ఇంకా ముందుకు పోయి, భూమధ్యరేఖ దాటి, దారి మళ్ళి, నైరుతి ఋతుపవనమై ఇండియా మీద వాన కురిపిస్తాయి. ఈ గాలులకు పుట్టినిల్లయిన అధిక పీడన ప్రాంతానికి శాస్త్రజ్ఞులు మన దీవుల పేరిట మాస్కరీన్ అనే పేరే పెట్టారు. అరేబియా, సోమాలియా ఎడారుల ధూళి ఆ కాలంలో అరేబియా సముద్రం మీదికి పోతుందే తప్ప గాలికి ఎదురీది మన వైపు రాలేదు. కూలీ ఓడలు వెళ్ళిన దారికి ఎదురుగా, మన గాలి ఏటా పుట్టినూరికి పోతున్నదన్నమాట. ఇది తెలిసినప్పుడు మాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

జనవరి నుండి మార్చి వరకు గాలి తిరుగుతుంది. అప్పుడు ఇండియా వైపు నుండి పొగ, మసి, ధూళి కలిసిన మసక సముద్రం మీదికి దిగుతుంది. దీనిని కొలవడానికి 1999లో మద్రాసులో పుట్టిన వీరభద్రన్ రామనాథన్, నోబెల్ బహుమానం పొందిన పాల్ క్రట్జెన్ మొదలైనవారు ఇండోఎక్స్ అనే గొప్ప ప్రయోగం చేశారు. భారతీయ పరిశోధక నౌక సాగర్ కన్య గోవా నుండి బయలుదేరి దారి పొడవునా గాలిని కొలుచుకొంటూ మన పోర్ట్ లూయీకి వచ్చింది. మాల్దీవుల వరకు ఆకాశం మసకబారి ఉంది. మనం ముందు చెప్పుకొన్న మేఘాల గట్టు ఆ నెలలలో భూమధ్యరేఖకు కొంచెం దక్షిణంగా ఉంటుంది. ఆ గట్టు దాటగానే గాలి తేటపడింది. మనం 20 డిగ్రీల దక్షిణాన, గట్టుకు ఇవతల ఉన్నాం. పిల్లవాడి ప్రశ్నకు అసలు జవాబు ఇదే: మన ద్వీపానికీ ఉత్తరాది ఎడారులకూ నడుమ ఏడాది పొడుగునా ఏదో ఒక గట్టు అడ్డుగా ఉంటుంది.

జవాబు ఇక్కడితో ఆపితే మన ద్వీపపు గాలి పరమ పవిత్రమని పిల్లలు అనుకొంటారు. పర్యాటకుల కరపత్రాలు అదే చెబుతాయి. కరపత్రాలు రాసేవారు కూప్ నెలలలో మిల్లు గాలివాలున కాపురం ఉన్నవారు కారు.

దూరం నుండి కూడా కొంత వస్తుంది. ఆగస్టు నుండి నవంబరు వరకు దక్షిణ ఆఫ్రికా ఖండంలో పొలాలు, గడ్డి మైదానాలు తగలబెడతారు. ఆ పొగ నదిలా తీరం దాటి హిందూ మహాసముద్రం మీదికి వస్తుంది. 2000 సెప్టెంబరులో సఫారి అనే ప్రయోగంలో దానిని చూసిన శాస్త్రజ్ఞులు "పొగ నది" అనే పేరే పెట్టారు. మడగాస్కర్ అడవుల పొగ దీనికి తోడు. రెయూనియోన్ ద్వీపంలో మాయిదో కొండ మీద 2012లో తెరిచిన పరిశీలనాలయం దీనిని ఏటా గుర్తిస్తున్నది. అదే ద్వీపంలోని పితో ద లా ఫుర్నేజ్ అగ్నిపర్వతం రగిలినప్పుడు గాలి తిరిగితే ఆ ఆవిరి మన వైపు మళ్ళుతుంది. ఇవి వచ్చిపోయే చుట్టాలు. ఇంట్లోవాడు మాత్రం చెరకే.

కూప్ జూన్‌లో మొదలై నవంబరు, డిసెంబరు వరకు సాగుతుంది. నూరు టన్నుల చెరకు ఆడితే సుమారు 30 టన్నుల తడి బాగాస్ మిగులుతుంది. దానినే బాయిలర్లలో కాలుస్తారు. 1957లో సెయింట్ ఆంట్వాన్ మిల్లు తన మిగులు కరెంటును దేశానికి అమ్మడం మొదలుపెట్టింది. 1980లలో బాగాస్ లేని అంత్రకూప్ నెలలలో బొగ్గు కాల్చే కర్మాగారాలు వచ్చాయి. ఆ మార్పును మనలో ఎక్కువమంది గమనించలేదు. బాగాస్ బూడిద రేకులు పెద్దవి, నల్లవి, ఆరేసిన బట్టల మీద కనబడతాయి, ఆడవాళ్ళు తిట్టుకొంటారు. బొగ్గు పొగలోని సన్నని కణాలు కనబడవు గనుక ఎవరూ తిట్టరు. కనబడే మసి కంటె కనబడనిదే లోపలికి పోతుందని మేము సభలలో చెప్పినప్పుడు పెద్దలు నవ్వి ఊరుకొన్నారు.

గాలి ఆగ్నేయం నుండి వీస్తుంది గనుక మసి వాయవ్యానికి పోతుంది. కాంలు మిల్లు పక్కనే ఉండేవి. మా కాం మిల్లుకు వాయవ్యాన ఉండేది. మా నాయనమ్మ కూప్ నెలలలో మంగళవారం నాడు మాత్రమే తెల్లబట్టలు ఉతికేది, ఎందుకంటే ఆ రోజు బాయిలరు కడగడానికి కొన్ని గంటలు ఆపేవారట. సింహాద్రి అప్పన్న పూజకు కట్టే పసుపు బట్టను లోపల, వంటింట్లో ఆరవేసేది. ఆమెకు జూన్‌లో మొదలైన దగ్గు సంక్రాంతికి తగ్గేది. దానిని "కూప్ దగ్గు" అనేది. అదొక జబ్బు అని ఎవరూ అనుకోలేదు, చలి లాగా, వాన లాగా అది కూడా కాలధర్మమే అనుకొన్నాం.

మేము తెలుగు నేర్చుకొన్నది మందిరం పక్క రేకుల షెడ్డులో, సాయంకాలపు తరగతిలో. ఒకనాడు అయ్యవారు నల్లబల్ల మీద దుమ్ము, ధూళి, బూడిద, మసి, పొగ, మసక అని ఆరు మాటలు రాసి వాటి తేడా అడిగారు. క్రియోల్‌లో రెండు మూడు మాటలతో సరిపెట్టుకొనే మాకు ఆరు మాటలు ఎందుకో తెలియలేదు. అయ్యవారు కిటికీ మీద వేలు రాసి చూపించి, "ఇది మసి" అన్నారు. తరువాత కాలుతో నేల రాసి, "ఇది దుమ్ము" అన్నారు. మిగిలిన నాలుగూ ఆ జూలై సాయంత్రం బయటికి తీసుకుపోయి చూపించారు. ఒక్క ధూళి మాత్రం దొరకలేదు. దానికి ఎండిన ఊరు కావాలి, అది ఇండియాలో ఉంది అన్నారు.

మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో కూలీల దస్తావేజులు భద్రంగా ఉన్నాయి. మా ముత్తాతగారి సంఖ్య, ఊరు, ఎత్తు, ఒంటి మీది మచ్చలు అక్కడ చూశాం. కొలవగలిగినదంతా కొలిచి రాశారు. ఆయన ఎలా ఊపిరి పీల్చాడో రాసే గడి ఆ పుస్తకంలో లేదు. ఎస్టేటు వైద్యుల లెక్కలలో జ్వరాలు, భేదులు కనబడతాయి. దగ్గుకు పనిమాన్పు దొరకడం అరుదని మా ఇంటి పెద్దలు చెప్పుకొనేవారు. సిర్దార్ ఎదుట దగ్గినవాడిని సోమరి అనేవారట.

మేము ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో పనిచేసిన బడి కూడా ఒక మిల్లుకు గాలివాలున ఉండేది. దాని పేరు ఇక్కడ చెప్పం. హాజరు పట్టీ చూడగా ఒక సంగతి కనబడింది. నలభైమంది తరగతిలో మే నెలలో రోజుకు ఇద్దరు ముగ్గురు రాకపోతే, ఆగస్టులో ఏడుగురు ఎనిమిదిమంది రావడం లేదు. ఆగస్టు చలినెల, జలుబులు ఎక్కువ, నిజమే. కాని ఒక ఏడు ఆగస్టులో యంత్రం విరిగి మిల్లు తొమ్మిది రోజులు ఆగింది. రెండవ వారంలో బడి నిండింది. చలి మాత్రం ఆగలేదు. ఈ సంగతి రాసి, హాజరు పట్టీ నకలు జతచేసి మిల్లువారికి ఉత్తరం పంపాం. మూడు నెలలకు జవాబు వచ్చింది. విషయం పరిశీలనలో ఉందనీ, బడి వార్షికోత్సవానికి పంచదార బస్తా పంపుతున్నామనీ అందులో ఉంది. బస్తా వచ్చింది. మేము ఆ పంచదారతో పిల్లలకు లడ్డూలు చేయించాం. ఈ మాట చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది, ఎందుకంటే ఆ తరువాత మేము రెండవ ఉత్తరం రాయలేదు.

ఆ మిల్లు తరువాత మూతపడింది. పందొమ్మిదవ శతాబ్దం మధ్యలో ఈ చిన్న ద్వీపంలో 250కి పైగా మిల్లులు పొగ వదిలేవి. ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని మిగిలాయి. మిగిలినవి పెద్దవి, పొగగొట్టాలలో బూడిదను పట్టే పరికరాలు ఉన్నవి. బట్టల మీద రేకులు తగ్గాయి. మోటారుబండ్లు మాత్రం లెక్కకు మించి పెరిగాయి. అందుచేత వెనుకటి కంటె గాలి బాగుపడిందా అంటే, నల్లరేకుల విషయంలో అవును అంటాం; కనబడని వాటి విషయంలో వేలితో కిటికీ రాసి తీర్పు చెప్పలేం. బార్బడోస్ వలె ఒకే చోట అరవై ఏళ్ళు వడగట్టి ఉంటే మా నాయనమ్మ దగ్గుకూ ఒక అంకె దొరికేది.

పిల్లవాడికి జవాబు చెప్పిన రోజున డార్విన్ పొట్లాల కథ కూడా చెప్పాం. పిల్లలు తెల్లకాగితాలకు పలచగా వేజలీన్ రాసి కిటికీ గట్ల మీద పెట్టారు. ఒకటి ఆగస్టులో వారం రోజులు, ఒకటి కూప్ అయిపోయాక మరుసటి ఫిబ్రవరిలో వారం రోజులు. ఫిబ్రవరిది బీరువాలో ఉంది, కొంచెం పసుపుబారింది అంతే. ఆగస్టు కాగితాన్ని ఆ పిల్లవాడు తన తాతకు చూపిస్తానని ఇంటికి పట్టుకుపోయాడు. ఆయన ముప్పై ఏళ్ళు బాయిలరు దగ్గర పనిచేసి, ఇప్పుడు రాత్రిళ్ళు కూర్చునే నిద్రపోతారు. కాగితాన్ని భూతద్దం పెట్టి చాలాసేపు చూశారట. మసి ఏది, మట్టి ఏది, టైరు పొడి ఏది అని వేలు పెట్టి చూపించారట. మరునాడు పిల్లవాడు వచ్చి ఆ మూడు మాటలనూ నల్లబల్ల మీద తెలుగులో రాశాడు.